పిల్లి శకునం: పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాదు పాతబస్తీలో మూసీనదిమీద పురానాపూల్ అనే రాతి వంతెన ఉన్నది. దీనిని 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. 1591లో చార్మినారు లేచేనాటికే ఈ వంతెనకు పదమూడేళ్ళ వయస్సు. అనగా నగరంకంటె నగరానికి వచ్చే దారి పాతది. ఒకప్పుడు గోల్కొండనుంచి, కార్వాన్ బజారునుంచి వర్తకుల బిడారులు దీనిమీదుగా నడిచేవి. ఇప్పుడు వంతెనమీద కూరగాయల అంగళ్ళు వెలిశాయి. తెల్లవారకముందే గంపలు, తోపుడుబళ్ళు వచ్చి దిగుతాయి. రాలిన ఆకుల వెంట ఎలుకలు, ఎలుకల వెంట పిల్లులు రావడం ప్రకృతి ధర్మం.

నా విద్యార్థి ఒకడు కార్వాన్ వైపునుంచి రోజూ ఈ వంతెన దాటి కాలేజీకి వచ్చేవాడు. భౌతికశాస్త్రంలో ప్రాక్టికల్ పరీక్షనాడు అతడు వంతెన దగ్గరికి రాగానే ఒక నల్లపిల్లి అంగళ్ళ మధ్యనుంచి దూకి అడ్డంగా పోయింది. కుర్రవాడు వెనుదిరిగి ఇంటికి పోయాడు. వాళ్ళ నాయనమ్మ, “కాళ్ళు కడుక్కొని జరసేపు కూసొని పో బిడ్డా” అన్నది. మంచినీళ్ళు తాగి, అరగంట కూర్చుని బయలుదేరాడు. అప్పటికి దారి బళ్ళతో నిండిపోయింది. పరీక్ష గదికి ఆలస్యంగా చేరాడు. ప్రయోగం సగంలో ఉండగానే గంట మోగింది. మార్కులు పోయినవి.

మరునాడు అతడు నాతో, “చూశారా సార్! పిల్లి అడ్డమొస్తే పని చెడుతుందని పెద్దలు ఊరికే అన్నారా?” అన్నాడు. ఈ మాటకు నవ్వి ఊరుకోవచ్చు. కాని అతడు చూపినది ఒక నిదర్శనం. పిల్లి ఎదురైన మాట నిజం, పని చెడిన మాటా నిజం. ఈ రెండు నిజాల మధ్య ఉన్న సంబంధం ఏమిటి? ఉపాధ్యాయుడు “అదంతా మూఢనమ్మకం, ఫో” అని గద్దిస్తే విద్యార్థి నోరు మూసుకుంటాడేగాని నమ్మకం మానడు. కాబట్టి ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో, ఎట్లా పెరిగిందో, ఎందువల్ల నిలిచిందో నిదానంగా విచారించడం అవసరం.

దేవతగా ఉన్న పిల్లి

పిల్లికీ మనిషికీ స్నేహం ధాన్యం వల్ల కలిగింది. మానవుడు వ్యవసాయం నేర్చి గింజలు నిలవచేయడం మొదలుపెట్టగానే గాదెల చుట్టూ ఎలుకలు చేరాయి. ఎలుకలకోసం పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతాల అడవిపిల్లి ఊళ్ళలోకి వచ్చింది. మనిషి దానిని పట్టి తేలేదు, తరిమివేయనూ లేదు. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల క్రిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన ఆనవాళ్ళు బయటపడినవి. పిల్లి ఆ ద్వీపంలో సహజంగా ఉండే జంతువు కాదు. ఎవరో పడవలో వెంట తీసుకొనిపోయి ఉండాలి.

ప్రాచీన ఈజిప్టులో పిల్లికి దైవత్వం లభించింది. బాస్టెట్ అనే దేవతను పిల్లి తలతో చిత్రించేవారు. ఇంటి పిల్లి చనిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకొని సంతాపం పాటించేవారని క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాశాడు. ముస్లిముల సంప్రదాయంలో పిల్లి అపవిత్ర జంతువు కాదు. ప్రవక్త అనుచరులలో ప్రసిద్ధుడైన అబూ హురైరా పేరుకు పిల్లికూన తండ్రి అని అర్థం. శకునాలను నమ్మరాదని బోధించే హదీసులు కూడా ఉన్నవి. మన దేశంలో బెంగాలు, మహారాష్ట్ర ప్రాంతాలలో పిల్లలను కాపాడే షష్ఠీదేవికి పిల్లి వాహనం.

ఇంకొక విచిత్రం గమనించండి. నల్లపిల్లి ఎదురుకావడం బ్రిటనులో చాలామందికి శుభశకునం. జపానులో దుకాణాల ముందు చేయి ఊపుతున్న పిల్లి బొమ్మ పెడతారు. అందులో నల్లబొమ్మ కీడును తొలగిస్తుందని వారి నమ్మకం. అదే నల్లపిల్లి అమెరికాలోనూ, ఐరోపాలో అనేక దేశాలలోనూ అశుభం. పిల్లి ఒక్కటే, రంగు ఒక్కటే, ఫలితం మాత్రం దేశానికొకటి! నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరగడానికి సముద్రమట్టపు వాయుపీడనం కావాలిగాని పౌరసత్వం అక్కరలేదు. ఫలితం దేశపు ఎల్లలను బట్టి మారిందంటే, ఆ ఫలితం పిల్లిలో లేదు, చూచేవారి సంప్రదాయంలో ఉన్నది.

నల్లపిల్లికి అపకీర్తి

ఐరోపాలో నల్లపిల్లి అపకీర్తికి ఒక పాత పత్రం సాక్ష్యంగా దొరుకుతుంది. 1233లో పోపు తొమ్మిదవ గ్రెగరీ జర్మనీలో మతవిరోధులని అనుమానించినవారిపై ఒక ఆజ్ఞాపత్రం పంపాడు. వారి రహస్య సమావేశాలలో ఒక నల్లపిల్లి ప్రత్యక్షమవుతుందనీ, అందరూ దానికి మొక్కుతారనీ అందులో వర్ణన ఉన్నది. ఇది విచారణాధికారులు అందించిన కథ. నిందితులను నిలబెట్టి పరీక్షించి తేల్చిన సత్యం కాదు. అయినా అధికార ముద్ర పడిన మాటకు బలం ఎక్కువ. చీకటికి, సైతానుకు, నలుపు రంగుకు అదివరకే ఉన్న జోడింపులో పిల్లి కూడా చేరిపోయింది.

తరువాత మంత్రగత్తెల వేట కాలం వచ్చింది. ఒంటరిగా బ్రతికే ముసలివాళ్ళు, నా అన్నవారు లేని పేదరాండ్రు ఈ నిందకు సులభంగా గురి అయ్యేవారు. అటువంటివారి ఇంట తోడుగా ఉండేది పిల్లి. ఆ పిల్లి మారురూపంలో ఉన్న భూతమని అభియోగం తెచ్చేవారు. 1566లో ఇంగ్లండులోని చెమ్స్‌ఫర్డు పట్టణంలో ఆగ్నెస్ వాటర్‌హౌస్ అనే వృద్ధురాలిని ఈ విధమైన నేరం మోపి ఉరితీశారు. ఆ అభియోగంలో ‘సైతాను’ అనే పేరుగల ఒక పిల్లి ఉన్నది. తమాషా ఏమంటే, విచారణ వృత్తాంతంలో ఆ పిల్లి నల్లది కాదు, తెల్లమచ్చలది! కథలు నోట నోట నడిచేకొద్దీ పిల్లికి నలుపు పట్టింది.

బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో పండుగ పేరుతో గంటస్తంభం పైనుంచి బ్రతికిన పిల్లులను క్రిందికి విసిరేవారు. ఈ ఘోరం 1817 వరకు సాగింది. ఇప్పుడు గుడ్డబొమ్మలు విసిరి వేడుక చేసుకుంటున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పోపు ఆజ్ఞవల్ల ఐరోపాలో పిల్లులన్నిటినీ చంపివేశారనీ, అందువల్లనే ఎలుకలు పెరిగి 1347లో మహామారి ప్లేగు వ్యాపించిందనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. వినడానికి ఇంపుగా ఉంటుంది, నీతి కూడా ఉన్నది. కాని ఖండమంతటా పిల్లులు నశించాయనడానికి చారిత్రకాధారాలు లేవు. మూఢనమ్మకాన్ని ఖండించే ఉత్సాహంలో మనం ఆధారం లేని మరొక కథను నెత్తికెత్తుకోరాదు.

మన పిల్లి, మన శకునాలు

మన దేశంలో పిల్లి కథ వేరు. పంచతంత్ర, హితోపదేశాలలో పిల్లి భూతం కాదు, కపట సన్యాసి. మామల్లపురంలో 7వ శతాబ్దపు పెద్ద శిల్పఫలకంలో ఒక పిల్లి రెండు చేతులూ పైకెత్తి తపస్సు చేస్తుంటుంది, దాని చుట్టూ ఎలుకలు భక్తితో నిలబడి ఉంటాయి. మన సామెతలలోనూ పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగుతుందేగాని ఎవరి ఆయుస్సునూ తీయదు.

అయితే శకునాలు చూచే అలవాటు మనకు చాలా పాతది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో శకునాలకు కొన్ని అధ్యాయాలే కేటాయించాడు. పక్షులు, మృగాలు ఏ దిక్కున కనబడినవి, ఎట్లా కూసినవి అని వివరంగా వర్గీకరించాడు. ప్రయాణాలు ప్రాణాపాయకరమైన కాలంలో బాటసారికి ముందు రాబోయేది తెలిసికోవాలనే ఆత్రం సహజమే. నేటికీ పంచాంగాలలో బల్లిపాటు ఫలితాల పట్టిక కనిపిస్తుంది.

తెలుగు పల్లెలలో “పిల్లి ఎదురొచ్చింది” అంటారేగాని దాని రంగు ఏమిటని విచారించేవారు తక్కువ. హిందీ, ఉర్దూ మాట్లాడేచోట “కాలీ బిల్లీ” అన్నమాట హెచ్చుగా వినబడుతుంది. ఐరోపా కథలు, సినిమాలు కూడా ఈ నలుపును మరింత గట్టిపరచినవి. పురానాపూల్ వంటి చోట ఈ ధోరణులన్నీ ఒకేదారిన నడుస్తాయి. అందుచేత మన విద్యార్థిని భయపెట్టిన పిల్లి ఒక్క జంతువు కాదు, అనేక దేశాల కథలను వీపున మోసుకొని వచ్చిన జంతువు.

నలుపు రంగు, మెరిసే కళ్ళు

ఇంతకూ పిల్లికి నలుపు ఎట్లా వస్తుంది? వెంట్రుకలకు రంగునిచ్చే పదార్థం మెలనిన్. ఇందులో నలుపు-గోధుమ రంగులనిచ్చే రకం ఒకటి, పసుపు-ఎరుపు ఛాయలనిచ్చే రకం ఇంకొకటి. మామూలు చారలపిల్లి వెంట్రుకను భూతద్దంతో చూస్తే అందులో ముదురు, లేత పట్టీలు కనిపిస్తాయి. వెంట్రుక పెరిగేటప్పుడు నలుపు తయారీని అప్పుడప్పుడు ఆపి, లేతరంగుకు అవకాశమిచ్చే జన్యువు ఒకటి ఉన్నది. దానికి అగూటి జన్యువని పేరు. ఈ జన్యువులో రెండు అక్షరాలంత చిన్న భాగం లోపించడమే ఇంటిపిల్లి నలుపుకు కారణమని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. జన్యువు పనిచేయకపోతే నలుపు తయారీ ఆగదు, వెంట్రుక మొదలునుంచి కొనదాకా నల్లగానే వస్తుంది.

ఈ లోపం మెండెల్ చెప్పిన అంతర్గత లక్షణం. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు ప్రతులూ లోపించినవైతేనే పిల్ల నల్లదవుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ చారలవే అయి, ఇద్దరిలోనూ ఒక్కొక్క లోపించిన ప్రతి దాగి ఉంటే, వాటికి పుట్టే ప్రతి పిల్లా నల్లదయ్యే అవకాశం నాలుగింట ఒకటి. చారలపిల్లి ఈతలో అకస్మాత్తుగా నల్లకూన కనిపించడం మాయ కాదు, బఠాణీ మొక్కలలో మెండెల్ చూచిన లెక్కే. నల్ల చిరుతపులికీ ఇదే జన్యువులోని మార్పు కారణం. నల్లపిల్లిని ఎండలో నిలబెట్టి చూడండి. చాలావాటికి నలుపులోనే మసకగా చారలు కనబడతాయి.

ఇక కళ్ళు. పిల్లి కంటిలో రెటీనా వెనుక అద్దంవంటి పొర ఒకటి ఉన్నది. రెటీనాలోంచి పట్టుబడకుండా జారిన వెలుతురును ఆ పొర తిరిగి వెనక్కు పంపుతుంది. ఆ విధంగా ఒకే వెలుతురు రెండుసార్లు ఉపయోగపడుతుంది. మనకు అవసరమైన వెలుతురులో ఆరోవంతుతోనే పిల్లి చూడగలదంటారు. కటిక చీకటిలో మాత్రం పిల్లికీ ఏమీ కనబడదు. దాని కంటిలో స్వయంప్రకాశం లేదు, మన చేతి దీపపు వెలుగే తిరిగి వస్తుంది.

విద్యుద్దీపాలు లేని రోజులను ఊహించండి. చేతిలో ఆముదపు దీపం. సందు మలుపులో నల్లని శరీరం చీకటిలో కలిసిపోయి, నిరాధారంగా వేలాడుతున్నట్లు రెండు ఆకుపచ్చని వెలుగులు! అడుగుల చప్పుడు లేదు. గుండె ఝల్లుమనడం సహజం. పైగా పిల్లి సంజవేళ, తెల్లవారుజామున ఎక్కువగా తిరిగే జంతువు. పూర్వం మనవాళ్ళు ప్రయాణానికి బయలుదేరేది సరిగా ఆ తెల్లవారుజామునే. కాబట్టి బయలుదేరినవానికి పిల్లి ఎదురుకావడం శకునం కాదు, ఇద్దరి దినచర్యా ఒకటే కావడం.

మనస్సు వ్రాసుకొనే తప్పులెక్క

భయం పుట్టడం ఒక ఎత్తు, అది తరతరాలు నిలవడం మరొక ఎత్తు. దానికి మన మనస్సు పనిచేసే తీరు కారణం. అమెరికా మనోవిజ్ఞాని స్కిన్నర్ 1948లో ఒక ప్రయోగం ప్రకటించాడు. ఆకలిగొన్న పావురాలను పెట్టెలలో ఉంచి, అవి ఏమి చేసినా చేయకపోయినా నిర్ణీత వ్యవధికి మేత అందేటట్లు ఏర్పాటు చేశాడు. ఎనిమిది పావురాలలో ఆరు విచిత్రమైన చేష్టలకు అలవాటుపడినవి. ఒకటి గుండ్రంగా తిరిగేది, ఇంకొకటి పెట్టె మూలకు తల పొడిచేది. మేత వచ్చిన క్షణాన యాదృచ్ఛికంగా చేసిన పనే మేతను తెచ్చిందన్నట్లు అవి ప్రవర్తించాయని స్కిన్నర్ భావించాడు. ఆ చేష్టలలో కొన్ని ఆకలిగొన్న పావురానికి సహజమైనవేనని తరువాతివారు వాదించారు. ఏమైనా, ఒకదాని వెంట ఇంకొకటి వస్తే మొదటిది కారణమనుకోవడం మనందరికీ ఉన్న బలహీనత.

ఇప్పుడొక లెక్క వేద్దాం. ఇవి ఉదాహరణకు వేసుకొన్న అంకెలు మాత్రమే. ఒకడు ఏడాదికి 300 రోజులు పనిమీద బయలుదేరుతాడు. అందులో 60 రోజులు దారిలో పిల్లి కనబడుతుంది. ఏదో ఒక చిక్కు, అంటే బస్సు తప్పిపోవడమో, మనిషి దొరకకపోవడమో, 30 రోజులు సంభవిస్తుంది. పిల్లికీ చిక్కుకూ ఏ సంబంధమూ లేదనుకొందాం. అప్పుడు రోజులు ఇట్లా పంచుకుంటాయి:

పిల్లి కనబడి చిక్కు వచ్చిన రోజులు 6.
పిల్లి కనబడినా పని నెరవేరిన రోజులు 54.
పిల్లి కనబడకపోయినా చిక్కు వచ్చిన రోజులు 24.
పిల్లీ లేదు, చిక్కూ లేదు అన్న రోజులు 216.

ఏ సంబంధమూ లేకపోయినా ఏడాదికి ఆరు ‘నిదర్శనాలు’ ఉచితంగా దొరికినవి! ఆ ఆరింటినీ మనం ఇంటికి వచ్చి చెప్పుకొంటాం. మిగిలిన 54 రోజుల సంగతి ఎవరూ చెప్పరు. “ఈ వేళ పిల్లి ఎదురైంది, అయినా ఏమీ కాలేదు” అనేది వార్త కాదు గదా. సంబంధం ఉన్నదో లేదో తేలాలంటే నాలుగు గళ్ళూ చూడాలి. పిల్లి కనబడిన 60లో చిక్కు 6, అంటే పదింట ఒకటి. కనబడని 240లో చిక్కు 24, అదీ పదింట ఒకటే. నిష్పత్తులు సమానం. పిల్లి నిర్దోషి.

మన విద్యార్థి నిదర్శనం

అయితే మన విద్యార్థి విషయం ఇంతకంటె సూక్ష్మమైనది. పిల్లి కనబడినప్పుడల్లా అరగంట ఆగేవాడికి ఆ రోజులలో నిజంగానే ఎక్కువ పనులు చెడిపోతాయి. నాలుగు గళ్ళ పట్టిక వేసినా 60 రోజులలో 6కు బదులు 12 చిక్కులు కనబడవచ్చు. అప్పుడు లెక్క కూడా పిల్లికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది! కాని పని చెరిచినది పిల్లి కాదు, ఆగిన అరగంట. శకునాన్ని నమ్మి చేసిన పనే శకునాన్ని నిజం చేసింది.

ఈ రెండింటినీ విడదీయడం ఎట్లా? ప్రయోగంలో అనుమానితమైన కారణాలను ఒక్కొక్కటిగా మార్చాలి. పిల్లి కనబడినప్పుడు జేబులోని నాణెం ఎగరవేయండి. బొమ్మ పడితే ఆగండి, బొరుసు పడితే ఆగకుండా సాగండి. ఇట్లా కొన్ని నెలలు వ్రాసి పోల్చితే, దోషం పిల్లిదో ఆగడానిదో తెలుస్తుంది. కొత్త మందులను పరీక్షించేటప్పుడు వైద్యశాస్త్రం రోగులను చీటీలు తీసినట్లు రెండు వర్గాలుగా విభజించడం ఈ సూత్రం మీదనే.

ఆగడంవల్ల వేరే అపాయం కూడా కలదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారుసైకిలు సెకనుకు సుమారు 8 మీటర్లు పోతుంది. పిల్లిని చూచి ముందువాడు చటుక్కున బ్రేకు వేస్తే, వెనుకవాడు ఆ సంగతి గ్రహించేలోపల ఎనిమిది మీటర్లు దాటిపోతాడు. పిల్లిని తప్పించడానికి నెమ్మదిగా ఆగడం దయ. శకునానికి భయపడి నడివీధిలో నిలబడడం ప్రమాదం.

శాస్త్రం పేరుతో కొత్త కథలు

ఈ మధ్య మరొక ధోరణి బయలుదేరింది. “మన పెద్దల ప్రతి ఆచారానికీ శాస్త్రీయ కారణం ఉన్నది. పూర్వం ఎద్దులబండ్లు రాత్రిళ్ళు అడవిలో పోయేటప్పుడు మెరిసే కళ్ళు చూచి ఎద్దులు బెదిరేవి, అందుకే పిల్లి అడ్డం వస్తే ఆగమన్నారు” అంటారు. ఎద్దులు బెదరవచ్చు. కాని ఈ శకునం ఎద్దులబండి వల్లనే పుట్టిందని చెప్పే ఆధారం ఏది? ఇదే నిజమైతే కాలినడకన పోయేవాడు ఎందుకు ఆగాలి? ఇంటికి తిరిగి వచ్చి కాళ్ళెందుకు కడుక్కోవాలి? పొసగే కారణం వేరు, నిరూపితమైన కారణం వేరు. ముందు సమాధానం నిర్ణయించుకొని తరువాత శాస్త్రాన్ని సాక్షిగా పిలవడం శాస్త్రం కాదు.

శాస్త్రం ఎట్లా నడుస్తుందో తెలుసుకోవడానికి మన నగరంలోనే మంచి ఉదాహరణ ఉన్నది. చిత్తడి నేలల చెడుగాలివల్ల మలేరియా వస్తుందని లోకం చాలాకాలం నమ్మింది. చిత్తడికీ జ్వరానికీ సంబంధమున్న మాట నిజమే, కారణం మాత్రం గాలి కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు పక్కన బేగంపేటలో రోనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూచాడు. పాత నమ్మకంలోని పరిశీలన నిలిచింది, వివరణ పోయింది. పిల్లి శకునంలో పరిశీలన కూడా నిలవలేదు.

పురానాపూల్ చూచిన ఇంకొక సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచివేసింది. వేలమంది మరణించారు. ఈ వంతెన దెబ్బతిన్నా నిలిచింది. నది కోపించిందని జనం అనుకొన్నారు, శాంతులు జరిపారు. వారి దుఃఖానికి అది ఊరట కావచ్చు. కాని మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువ ప్రాంతంలో ఎంత వాన కురిసింది, ఏ చెరువులు తెగినవి, నీరు ఎంత వేగంతో వచ్చింది అని ఆయన లెక్కకట్టాడు. ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినవి. అసలు కారణాన్ని వెదకిన చోటనే ఉపాయం దొరుకుతుంది.

పిల్లి పక్షాన ఒక సాక్ష్యం

1908లోనే బేరారులో పనిచేసిన బుకానన్ అనే వైద్యాధికారి, పిల్లులు ఎక్కువగా ఉన్న పల్లెలలో ప్లేగు తక్కువగా ఉన్నదని గమనించి, పిల్లులను పెంచమని సలహా ఇచ్చాడు. ప్లేగు ఎలుకల ఒంటిమీది గోమార్లవల్ల వ్యాపిస్తుందని అంతకు పదేళ్ళముందు, 1898లో, కరాచీలో సైమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు చూపి ఉన్నాడు. అందుచేత బుకానన్ ఆలోచన సహేతుకమైనదే. కాని ప్లేగుపట్టిన ఎలుకను తిన్న పిల్లికీ ఆ వ్యాధి సోకుతుందనీ, దాని ద్వారా మనిషికి రావచ్చుననీ ఇప్పుడు తెలుసు. పిల్లిని ద్వేషించడానికి ఆధారం అడిగినట్లే, పిల్లిని పొగడడానికీ ఆధారం అడగాలి. ఇదే శాస్త్రదృష్టి.

ఇది పిల్లితో ఆగేదా?

“సరే, పిల్లిని చూచి ఐదు నిమిషాలు ఆగితే నష్టమేమిటి? ముసలివాళ్ళ తృప్తి” అని కొందరు అంటారు. నష్టం ఐదు నిమిషాలే అయితే ఈ వ్యాసం అవసరం లేదు. మన అపశకునాల జాబితాలో పిల్లి ఒక్కటే లేదు, మనుషులు కూడా ఉన్నారు. భర్తను పోగొట్టుకొన్న స్త్రీ ఎదురైతే అశుభమన్నారు. శుభకార్యాలప్పుడు ఆమెను గది మూలన కూర్చోబెట్టారు. తన కన్నబిడ్డ పెండ్లిలో కూడా ముందుకు రాకుండా చేశారు. పిల్లికి ఈ నింద తెలియదు. తల్లికి తెలుస్తుంది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదుర్కొన్నది సంఘపు కట్టుబాటును మాత్రమే కాదు, ఈ తప్పులెక్కను కూడా.

ఇదే తర్కం మరొక మెట్టు దిగితే బాణామతి, చేతబడి అవుతుంది. ఊరిలో ఒక బిడ్డ చనిపోయింది, ఆ ముందురోజు ఫలానా ముసలమ్మ ఆ ఇంటి ముందునుంచి పోయింది, కాబట్టి ఆమె చంపింది అంటారు. ‘దాని తరువాత వచ్చింది గనుక దానివల్ల వచ్చింది’ అనే ఆ ఒక్క పొరపాటే ఇక్కడా ఉన్నది. తెలంగాణ పల్లెలలో ఈ అనుమానంతో మనుషులను కొట్టి చంపిన దారుణాలు జరిగినవి. 1566లో చెమ్స్‌ఫర్డులో ఉరికంబమెక్కిన ముసలమ్మకూ, వీరికీ తేడా ఏమిటి? పిల్లి దగ్గర చిన్నదిగా కనిపించే తప్పు మనిషి దగ్గరికి వచ్చేసరికి ప్రాణాంతకమవుతుంది. అందువల్ల దానిని పిల్లి దగ్గరే దిద్దుకోవడం మేలు.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలోని 51ఎ అధికరణంలో చేర్చారు. ఆ విధి తరగతి గదిలోనే మొదలు కావాలి. ఉపాధ్యాయులు ఒక చిన్న పని చేయించవచ్చు. ప్రతి విద్యార్థీ రెండు నెలలపాటు ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. బడికి చేరగానే దారిలో పిల్లి కనబడిందా లేదా వ్రాయాలి. సాయంత్రం ఆ రోజు ఏదైనా చిక్కు వచ్చిందా లేదా వ్రాయాలి. చిక్కు అంటే ఏమిటో ముందే నిర్ణయించుకోవాలి, తరువాత మార్చరాదు. ఏమీ జరగని రోజునూ తప్పక వ్రాయాలి. అది అన్నిటికంటె ముఖ్యం. చివర తరగతి మొత్తం లెక్కలు కలిపి నాలుగు గళ్ళ పట్టిక వేయాలి. పట్టిక చెప్పిన తరువాత ఉపాధ్యాయుడు వేరే ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

మన విద్యార్థికి నేను పైవిధంగానే నాలుగు గళ్ళు గీసి ఇచ్చాను. అతడు కొన్ని వారాలు వ్రాసి తెచ్చాడు. పురానాపూల్‌మీద పిల్లి కనబడని రోజే అరుదని తేలింది! “అంత ఎక్కువగా కనబడేదాన్ని శకునమని ఎట్లా అనాలి సార్?” అని అతడే అడిగాడు. తరువాతి ప్రాక్టికల్ పరీక్షకు వేళకు వచ్చాడు. దారిలో పిల్లి కనబడిందో లేదో నేను అడగలేదు, అతడు చెప్పలేదు.

పిల్లి శాపాలకు ఉట్లు తెగవని మన సామెత. ఆ మాట అన్నవారూ మన పెద్దలే. పెద్దల మాట వినాలంటే దానిని విందాం.